ఫోను అడ్డంగా పట్టుకోవాలని దురాయి

నా సర్వీసు మొత్తంలో నాకు ఒక్కటే శాలువా కప్పారు. అది కూడా నేను చేసిన తప్పుకు. కప్పినవాళ్లకు అది తప్పని ఇప్పటికీ తెలియదు. మీరూ చెప్పకండి.

వెబ్‌సైట్లు కట్టే పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లల కోసం ఇది రాస్తున్నాను. మీకు పాఠం చెప్పేంత గొప్ప పని నేనేమీ చేయలేదు. నెల్లూరులో ఒక జెరాక్స్ షాపు పైన రెండు గదుల ఆఫీసులో నా బతుకంతా గడిచింది. మొదట పెళ్లికార్డులు, తర్వాత కరపత్రాలు, ఆ తర్వాత ఎవరో అడిగితే కాదనలేక వెబ్‌సైట్లు. గళ్లు గీసి, గళ్లలో బొమ్మలు కుక్కి సైట్లు కట్టే కాలం నుంచి ఉన్నాను. ఆ గళ్లు కదిలేవి కావు. కంప్యూటరులో ఎలా ఉంటే ఫోనులోనూ అలాగే, చీమల బారులాగా కనపడేవి. చూసేవాడు కళ్లు చికిలించుకుని చూసేవాడు, నన్నెవరూ ఏమీ అనేవాళ్లు కాదు.

నేను రిటైరు కావడానికి ఏడాది ముందు మా ఓనరు ఒక వీడియో చూశాడు. ఆయన వీడియో చూసినప్పుడల్లా మాకు కొత్త చాకిరీ పుట్టేది. నాకంటే ఇరవై ఏళ్లు చిన్నవాడు, నన్ను అన్నా అనే పిలుస్తాడు, పని మాత్రం తమ్ముడికి చెప్పినట్టు చెబుతాడు.

"అన్నా, పాత పద్ధతులన్నీ ఆపేద్దాం. రేపట్నించి ఏ సైటైనా ఈ కొత్త ఫ్రేంవర్కులోనే కట్టాల" అన్నాడు.

ఆ ఫ్రేంవర్కు పేరు ఇక్కడ రాయడం లేదు. ఇది అచ్చయ్యేలోపు అది పాతబడిపోతుంది. ఫ్రేంవర్కు అంటే తెలియనివాళ్లకు ఒక్క మాట చెబుతాను. ఇల్లు కట్టేవాడికి దూలాలు, ద్వారబంధాలు ముందే బిగించి ఇచ్చినట్టు ఉంటుంది. పని తొందరగా అవుతుంది, కానీ మన ఇష్టం వచ్చినచోట కిటికీ పెడతామంటే ఒప్పుకోదు. నాకు కిటికీ ఎప్పుడూ నా ఇష్టం వచ్చినచోటే కావాలి. అందుకని మొదటి నెలంతా దానితో నాకు పోట్లాటే.

నాకు అది నేర్పించే బాధ్యత వెంకటాచలం నుంచి రోజూ బస్సులో వచ్చే ఒక అమ్మాయి మీద పెట్టారు. నా కూతురి వయసు. నెమ్మదైన మనిషి, కానీ పనిలో తప్పు కనపడితే వదిలే రకం కాదు. నేను రాసింది చూసి ఒకరోజు అంది, "సార్, మీరు రాసింది తప్పు కాదు. కానీ ఇట్టా రాసేవాళ్లు ఇప్పుడు ఎవరూ లేరు." ఇంత మర్యాదగా నన్ను ముసలాణ్ణి చేసినవాళ్లు అంతకుముందు లేరు. ఆదివారం మాత్రం ఆమె ఫోను ఎత్తదు. చర్చి ఉంటుంది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

సరిగ్గా అప్పుడే తడ వైపు నుంచి పని వచ్చింది. హైవే దిగి తూర్పుకు పోతే పులికాట్ ఒడ్డున మూడు పాళేలు, పక్కపక్కనే. ఉత్తరం పాళెం, నడిమి పాళెం, దక్షిణం పాళెం అనుకుందాం. మూడింటిదీ చేపల వేటే. మూడింటికీ ఒకరి పొడ ఒకరికి గిట్టదు. వాళ్ల తాతల కాలంలో ఒకరి వల ఇంకొకరు కోశారట. ఎవరిది ఎవరు కోశారో మూడు పాళేల్లో మూడు రకాలుగా చెబుతారు.

అలాంటివాళ్లు మొదటిసారి కలిసి ఒక సంఘం పెట్టుకున్నారు. కారణం ఐసు. అక్కడ ఐసు ఫ్యాక్టరీ లేదు. సూళ్లూరుపేట నుంచి ఆటోలో వచ్చే ఐసు దారిలోనే సగం కరిగేది. ఎండాకాలం రొయ్య మధ్యాహ్నానికి పాడయ్యేది. ఇప్పుడొక ఐసు ప్లాంటు మంజూరయ్యేట్టుంది, కానీ పైనుంచి షరతులు పెట్టారు. మూడు పాళేలూ ఒకే సంఘంగా ఉండాలి. సంఘానికి వెబ్‌సైటు ఉండాలి. అది ఫోనులో కూడా చక్కగా కనపడాలి, ఒక ఆఫీసరు వచ్చి తనిఖీ చేస్తారు. ఆ సైటును ఒప్పుకుంటూ ముగ్గురు పెద్దలూ సంతకాలు చేయాలి. ఒక్క సంతకం తగ్గినా ప్లాంటు వేరే తీరానికి పోతుంది. చేపకూ వెబ్‌సైటుకూ సంబంధమేమిటని నన్ను అడగొద్దు, నేను అడిగితే నన్నూ అలాగే కసిరారు.

మొదటిసారి నేనూ అమ్మాయీ పోయేసరికి సంఘం గదిలో ముగ్గురు పెద్దలూ మూడు కుర్చీల్లో పక్కపక్కన కూర్చుని ఉన్నారు. కుర్చీలు ఒకే ఎత్తు. గోడకు ఒకే దూరం. గుమ్మంలో ఖాళీ చేపల బుట్ట మీద ఒక అక్క కూర్చుని ఉంది. బుట్టల్లో చేపలమ్మే ఆడవాళ్ల తరఫున సంఘంలో ఆమె ఒక్కతే మెంబరు. మేమిద్దరం మాలో మాకు ఐసక్క అని పేరు పెట్టుకున్నాం. ఎందుకంటే ఆమె నన్ను అడిగిన మొదటి ప్రశ్న ఇది:

"ఐసు ఎప్పుడొస్తాది నాయనా?"

"నేను వెబ్‌సైటు కట్టేవాణ్ణక్కా."

"అదేలే. అది కడితే ఐసు ఎప్పుడొస్తాది?"

బయట చూస్తే, సరస్సు సముద్రంలో కలిసే మొగ దగ్గర ఒక పాళెం పడవలే ఉన్నాయి. మిగతావాళ్లు ఒడ్డున వలలు కుట్టుకుంటున్నారు. ఎందుకని అడిగితే, "మొగలో ఈరోజు నడిమోళ్ల వంతు" అన్నారు. అలాగా అని తలూపి మరిచిపోయాను. ఎదురుగా ఉన్నదాన్ని చూసి తలూపి మరిచిపోవడంలో నాకు మంచి అనుభవం ఉంది.

"ఎన్ని పేజీలుంటాయి?" అన్నాడు ఉత్తరం పెద్దాయన.

"పది దాకా ఉంటాయి" అన్నాను.

ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "పది మూడుకి ఎట్టా తెగుతాది?" అన్నాడు దక్షిణం పెద్దాయన.

పేజీలు పాళేలకు పంచేవి కావని, అందరివీ అని చెప్పి చూశాను. ఎవరూ నమ్మలేదు. అందరిదీ అన్నది ఏదైనా చివరికి ఎవరో ఒకరిదవుతుందని వాళ్ల అనుభవం. చివరికి పన్నెండు చేశాం. లేని పేజీని ఎవరైనా అడిగితే 'ఈ పేజీ దొరకలేదు' అని చూపించే పేజీ ఒకటుంటుంది కదా, దాని మీద ఒక పడవ బొమ్మ పెట్టాను. ఆ పడవ ఉత్తరం పాళెందని నడిమివాళ్లు పసిగట్టారు. దాంతో ఆ పేజీలు మూడయ్యాయి. దొరకని పేజీలు మూడున్న వెబ్‌సైటు ఈ దేశంలో ఇంకెక్కడైనా ఉంటే నాకు తెలపండి.

రెండు నెలల్లో సైటు తయారైంది. అమ్మాయి లేకపోతే అయ్యేది కాదు. మొదటి పేజీలో మూడు పాళేల బొమ్మలు, పెద్దల ఫొటోలు, అచ్చం వాళ్లు కుర్చీల్లో కూర్చున్నట్టే పక్కపక్కన మూడు పెట్టెలు. సంఘం గదిలో కంప్యూటరు మీద చూపించాం. అందరూ లేచి నిలబడి చూశారు. నడిమి పెద్దాయన స్కేలు తెప్పించి మూడు పెట్టెలనూ కొలిచాడు. సమానంగా ఉన్నాయి. నాకు కాఫీ వచ్చింది.

కాఫీ సగం తాగానో లేదో, గుమ్మంలో నుంచి ఐసక్క అంది, "ఫోన్లో చూస్తే ఉత్తరమోళ్లు పైనుండారే."

ముగ్గురు పెద్దలూ ఆమె ఫోను చుట్టూ చేరారు. ఉన్నమాటే. పైన ఉత్తరం, దాని కింద నడిమి, అన్నిటికంటే కింద దక్షిణం.

మా పనిలో రెస్పాన్సివ్ అంటారే, అది ఇదే. తెర వెడల్పుగా ఉంటే పెట్టెలు పక్కపక్కన ఉంటాయి. తెర సన్నగా ఉంటే ఒకదాని కింద ఒకటి సర్దుకుంటాయి. నేను నెలరోజులు కుస్తీపట్టి నేర్చుకున్న గొప్ప విద్య అదే. నేర్చుకున్నందుకు దక్షిణం పెద్దాయన నా ముందుకొచ్చి నిలబడ్డాడు.

"మమ్మల్ని వాళ్ల కాళ్లకింద పెట్టినావా?"

"కాదు పెద్దాయనా, తెర చిన్నదైతే అదే సర్దుకుంటుంది..."

"సర్దుకోనీ. వాళ్లను కిందకి సర్దుకోమను."

ఆ మధ్యాహ్నం నుంచి మూడు వారాలు నేను పడ్డ పాట్లు చెబితే మీరు నవ్వుతారు. అక్షరాల వరుసలో పెడదామన్నాను. అలా అయితే దక్షిణం నడిమి కంటే ముందొస్తుందని నడిమివాళ్లు లేచారు. మ్యాపులో ఉత్తరం పైనే కదా అన్నాను. మ్యాపు గీసినోడిది ఉత్తరం పాళెమా అన్నారు. ఫోనులో కూడా మూడింటినీ పక్కపక్కనే ఇరికించాను. ఒక్కో అక్షరం ఒక్కో వరుసలో పడి పేర్లు మిరపకాయల దండల్లా వేలాడాయి, పెద్దల మొహాలు బియ్యపుగింజలంత అయ్యాయి. పక్కకు జరుపుకుంటూ ఒక్కొక్కటీ చూసేట్టు పెట్టాను. మొదట కనపడేది ఎవరని అడిగారు. మూడింటినీ ఒకదాని మీద ఒకటి అతికించి మసకగా చూపించనా అని కోపంలో అడిగితే, దాన్ని నిజంగానే పరిశీలించారు. ఒక పూటంతా.

చివరికి పెద్దలు వాళ్ల పద్ధతిలో వాళ్లే తేల్చారు. దురాయి వేశారు. దురాయి అంటే ఆ తీరంలో పెద్దలు చాటించే కట్టుబాటు. ఈరోజు వేటకు పోకూడదని దురాయి వేస్తే పడవ నీళ్లలోకి దిగదు, అంతే. ఈసారి తప్పెట కొట్టి మూడు పాళేల్లోనూ చాటించిన మాట ఇది: "సంఘం వెబ్‌సైటుని ఎవురైనా సరే ఫోను అడ్డంగా పట్టుకునే చూడాల. నిలువుగా చూసినోళ్లు పది వలలు కుట్టిపెట్టాల."

ఫోను అడ్డంగా తిప్పితే తెర వెడల్పవుతుంది, పెట్టెలు పక్కపక్కకు వస్తాయి. సాంకేతికంగా అది సరైన పరిష్కారమే. అమ్మాయి చెవిలో చెప్పింది, "సార్, మనం తెరకు తగ్గట్టు సైటు మార్చాం. వీళ్లు సైటుకు తగ్గట్టు మనుషుల్ని మార్చినారు."

తర్వాతి వారం మేం పోయేసరికి పాళేల్లో అందరూ ఫోన్లు అడ్డంగానే పట్టుకుని ఉన్నారు. ఏది సంఘం సైటో ఏది కాదో తేల్చుకునే తలనొప్పి ఎందుకని అన్నిటికీ అడ్డమే అలవాటు చేసుకున్నారు. కొందరి ఫోన్లలో తెర తిరగకుండా తాళం వేసి ఉంటుంది కదా, వాళ్లు ఫోనును అడ్డంగా పెట్టి తల కూడా భుజం మీదికి వాల్చి చదువుతున్నారు. ఒకాయన ఫోను అడ్డంగా పట్టుకునే మాట్లాడుతున్నాడు. అవతలివాళ్లకు వినపడటం లేదని కేకలేస్తున్నాడు గాని నిలువుగా తిప్పలేదు. అప్పటికే ఒక పెళ్లికొడుకు నిలువుగా చూస్తూ దొరికిపోయి, అత్తగారింటి ముందు కూర్చుని వలలు కుట్టాడట.

నేను ఊపిరి పీల్చుకున్నాను. మా ఆఫీసు అమ్మాయి మాత్రం అడగాల్సింది అడిగింది.

"మరి తనిఖీకి ఆఫీసరు వస్తారు కదా. ఆయన నిలువుగా పట్టుకుంటే?"

పెద్దలు దాని గురించి ఆలోచించలేదు. ఆయనకు కూడా దురాయి వర్తిస్తుందా అన్నదాని మీద గంటసేపు చర్చ జరిగింది. ఆయన పక్కన ఒక మనిషిని నిలబెట్టి, ఫోను తీయగానే చెయ్యి తిప్పించాలని ఒకరన్నారు. చెయ్యి తిప్పించే మనిషి ఏ పాళెం వాడై ఉండాలని ఇంకొకరు అడిగారు. ఐసక్క బుట్ట మీద నుంచి లేచింది.

"సారు నిలువుగా పట్టుకుంటే సారునే అడ్డంగా పండుకోబెట్టండి. సరిపోతాది."

ఎవరూ నవ్వలేదు. దక్షిణం పెద్దాయన మాత్రం కండువా దులుపుకుని లేచాడు. "ఆఫీసరు కళ్లముందు మేం కింద కనపడేదానికి సంతకం పెట్టం. ఐసు లేకపోతే పాయె" అని వెళ్లిపోయాడు. తనిఖీ ఇంకో ఐదు రోజులే ఉంది. నేను కట్టిన సైటు వల్ల ఒక సంఘం విరిగిపోతోంది. ముప్పై ఏళ్లలో నా పని వల్ల ఎవరికీ పెద్దగా లాభం కలగలేదని తెలుసు గాని, ఇంత నష్టం కలిగించగలనని మాత్రం అనుకోలేదు.

మర్నాడు శనివారం అందరినీ మళ్లీ కూర్చోబెట్టారు. దక్షిణం పెద్దాయన వచ్చాడు గాని కుర్చీ గుమ్మం వైపు తిప్పుకుని కూర్చున్నాడు. అప్పుడు ఐసక్క వచ్చింది. వస్తూనే తలమీది బుట్ట దించి, అందులో ఉన్న రొయ్యలన్నీ సంఘం కంప్యూటరు ముందు బల్లమీద కుమ్మరించింది. ఆ వాసన ఇప్పటికీ నా చొక్కాకు ఉందేమో అనిపిస్తుంది.

"తెల్లారి కొన్నాను. తడ బస్టాండుకి పోయేతలికి ఇట్టయినాయి. నిన్న ఇంతే, మొన్న ఇంతే. గుంట తవ్వి పూడ్చతా ఉండాను. మీరు పైనెవురు, కిందెవురు అని కొట్టుకోండి." ఖాళీ బుట్టను బల్ల పక్కన బోర్లించింది. "మొగలో ఎట్టా దిగతా ఉండారు మీరు? ఒకనాడు వీళ్లు, ఒకనాడు వాళ్లు, వంతుతో గదా. మీ తాతలు అంత నీళ్లకే వంతు పెట్టినారే, ఇంత ఫోనుకి వంతు పెట్టలేరా మీరు?"

ఆమె ఏడుస్తోంది. పెద్దలు తలలు దించుకున్నారు. నేను కూడా దించుకున్నాను, ఎందుకంటే మొదటిరోజే నేను కళ్లారా చూసి తలూపి మరిచిపోయింది అదే.

కాసేపటికి దక్షిణం పెద్దాయన కుర్చీ మళ్లీ ఇటు తిప్పుకున్నాడు. "ఏ నాడు మొగలో ఎవరి వంతో, ఆ నాడు ఫోన్లో వాళ్లే పైనుండాల" అన్నాడు. ఇంకెవరూ నోరు మెదపలేదు. ఆ తీరంలో అంతకంటే పెద్ద ఒప్పందం ఉండదట.

వంతు పెట్టడం సైటులో పది వరుసల పని. రోజులు లెక్కబెట్టడం, మూడుతో భాగించడం, మిగిలినదాన్నిబట్టి పైకెవరో తేల్చడం. ఆదివారం ఆఫీసుకు పోయి నేనే రాశాను. అమ్మాయి చర్చిలో ఉంది, అడగడానికి లేదు. నిజం చెప్పాలంటే అడగాలనీ అనిపించలేదు. ఇంత చిన్నపనికి కూడా ఆమెను అడగాలా అని నా పెద్దరికం. రాసి, సైటులో ఎక్కించి, ఇంటికెళ్లి పప్పుచారు తాగి పడుకున్నాను.

పెద్దలు ఒక షరతు పెట్టారు. "వంతు మారేది మా కళ్లతో మేం చూడాల." బుధవారం తనిఖీ. మంగళవారం తెల్లవారేసరికి నడిమివాళ్ల వంతు పోయి దక్షిణంవాళ్ల వంతు రావాలి. అది చూడటానికి అందరం ఒడ్డున చేరాలన్నారు. ముందురోజు సాయంత్రమే పోయి సంఘం వసారాలో పడుకున్నాను.

నాలుగింటికి పడవల చప్పుడుకు మెలకువ వచ్చింది. దుప్పటిలోనే ఫోను తీసి చూశాను. పైన నడిమి పాళెమే ఉంది. తారీఖు మారి నాలుగు గంటలైంది, సైటు మారలేదు. పేజీని కిందికి లాగి వదిలాను. నడిమి. మళ్లీ లాగాను. నడిమి. అమ్మాయికి ఫోను చేశాను, ఎత్తలేదు. మళ్లీ చేశాను. నాలుగింటికి ఫోను ఎత్తే మనిషి ఎవరుంటారు. నా పది వరుసల పని పాడైంది. ఇంకో గంటలో ముగ్గురు పెద్దలొచ్చి చూస్తారు. దక్షిణం పెద్దాయన కండువా దులుపుకుని పోతాడు. ఐసక్క మళ్లీ గుంట తవ్వుతుంది. హైవే దాకా నడిచిపోయి ఏదో ఒక బస్సు ఎక్కేద్దామా అని కూడా ఆలోచించాను. చెప్పులు కూడా వేసుకున్నాను.

ఈలోపే వాళ్లు వచ్చేశారు. చీకట్లో మూడు పాళేల జనం, అందరి చేతుల్లో ఫోన్లు, అన్నీ అడ్డంగా. ఇక దాచి లాభం లేదని పెద్దల ముందుకుపోయి చేతులు జోడించాను.

"పెద్దాయనా, తప్పయిపోయింది. వంతు మారలేదు."

ఉత్తరం పెద్దాయన తూర్పుకు చూశాడు. "ఏందబ్బా నీ తొందర? ఇంకా తెల్లారితే గదా మారేది."

"పన్నెండుకే మారాలి కదా..." అని గొణిగాను.

"ఏం పన్నెండు? పన్నెండుకి మారితే మూడింటికి వలేసినోడు ఏ వంతులో వేసినట్టు?" అన్నాడు. అని కుడిచెయ్యి చాచి అరచెయ్యి చూసుకున్నాడు. అప్పుడు చూశాను, ముగ్గురు పెద్దలూ ఒక చేత్తో ఫోను పట్టుకుని, రెండో చెయ్యి మొహం ముందుకు చాచి ఉన్నారు. అక్కడ వంతు ఎప్పుడు మారుతుందంటే, దీపం లేకుండా అరచేతిలో గీతలు ఎప్పుడు కనపడతాయో అప్పుడట. తాతల కాలం నుంచీ అదే గడియారం. నాకు ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు.

నేను కూడా చెయ్యి చాచాను. ఏమీ కనపడలేదు. అంతమంది జనం ఎవరి చెయ్యి వాళ్లు చూసుకుంటూ నిలబడ్డారు. మెల్లగా వేళ్లు తెలిశాయి. తర్వాత బొటనవేలి కింద ఒక గీత.

"గీతలు కనబడతా ఉండాయి" అన్నాడు నడిమి పెద్దాయన. తన వంతు పోతోందని తెలిసీ మొదట చెప్పింది ఆయనే.

ఐసక్క ఫోను నిలువుగా తిప్పి, పేజీని కిందికి లాగి వదిలింది. "మారె!" అని అరిచింది.

పైన దక్షిణం పాళెం.

అందరి ఫోన్లలోనూ అంతే. దురాయి కూడా మరిచిపోయి అందరూ ఫోన్లు నిలువుగా తిప్పి చూసుకుంటున్నారు. దక్షిణం పెద్దాయన ఫోన్లో తన ఫొటో చూసుకుని, తర్వాత నా దగ్గరకు వచ్చాడు. కళ్లలో నీళ్లున్నాయి.

"మా తెల్లారి లెక్క నీకెవురు చెప్పినారు సామీ? కంప్యూటర్లో ఎట్టా పెట్టినావు?"

పిల్లలూ, ఇక్కడ నిజం చెప్పాల్సింది. నేను చెప్పలేదు. వినయంగా సముద్రం వైపు చూశాను. శాలువా కప్పారు.

ఆరింటికి నా మిస్డ్ కాల్స్ చూసుకుని అమ్మాయి ఫోను చేసింది. నా పది వరుసలూ అప్పటికే చూసేసింది. "సార్, మీరు మన టైం పెట్టలేదు. ఏమీ పెట్టకపోతే అది గ్రీనిచ్ గడియారం చూస్తాది. అక్కడ రాత్రి పన్నెండైతే మనకి తెల్లారి ఐదున్నర. అందుకే నాలుగింటికి మారలేదు. రెండు నిమిషాల పని, సరిచేసేస్తాను."

"ముట్టుకోవద్దమ్మా" అన్నాను. ఆమెతో నేను గొంతు పెంచింది ఆ ఒక్కసారే.

బుధవారం ఆఫీసరు వచ్చారు. ఫోను నిలువుగానే పట్టుకుని, వేలితో రెండుసార్లు తోసి, బాగుంది అన్నారు. దొరకని పేజీలు మూడెందుకని అడిగారు. భద్రత కోసం అన్నాను. సంతకాల దగ్గర మళ్లీ చిక్కొచ్చింది. ఆరోజు ఉత్తరంవాళ్ల వంతు, మాది కాని రోజు మేం సంతకం ఎట్టా పెడతాం అని మిగిలిన ఇద్దరూ గది గడప దాటి లోపలికి రాలేదు. ఆఫీసరు చాలాసేపు నా మొహం చూశారు. చివరికి ఫైలు మూడు రోజులు అక్కడే ఉంది. రోజుకొకరు, అరచెయ్యి చూసుకుని, సంతకం చేశారు.

ఐసు ప్లాంటు వచ్చింది. నేను రిటైరయ్యాను. ఐసు తీసుకోవడానికి కూడా అదే వంతు పెట్టుకున్నారు, ఆ రోజు సైటులో ఎవరు పైనుంటే ముందు వాళ్ల బండ్లు. ఆ సైటులో పన్నెండు పేజీలుంటే మొదటి పేజీ తప్ప ఇంకోటి ఇప్పటిదాకా ఎవరూ చూడలేదు. చలికాలం గీతలు కనపడకముందే సైటు మారిపోతుందిగాని, ఫోనుకు మనకంటే చూపెక్కువ అని సర్దుకున్నారు.

పోయిన ఏడు ఒక ఉదయం ఐసక్క ఫోను. ఎప్పుడూ అంత కంగారుగా మాట్లాడలేదు.

"నాయనా, వంతు నడిరేత్రి మారిపోయింది. మూడింటికి లేసినోళ్లు మాదంటే మాదని ఇద్దరి బండ్లూ తలుపుకి అడ్డంపెట్టినారు. ఐసంతా నేలపాలు. పాత వలల కత తీస్తా ఉండారు. ఏదన్నా చెయ్యి."

ఆఫీసుకు చేశాను. అమ్మాయి ఇప్పుడు అక్కడ పెద్ద, కానీ ఆరోజు సెలవు. కొత్తగా చేరిన కుర్రవాడు ఎత్తాడు. "అంకుల్, అందులో టైం తప్పుంది, నేనే సరిచేశాను" అన్నాడు గర్వంగా. నా మీద నాకే జాలేసింది, ఆ గొంతు అచ్చం ఒకప్పటి నాదే. ఆ కథంతా ఫోనులో చెప్పే ఓపిక లేక, ఒక్కో అక్షరం చెప్పి నా తప్పును తిరిగి పెట్టించాను. దాని పైన ఒక వరుస కూడా రాయించాను, తెలుగులో: ఇక్కడ తెల్లవారేది ఐదున్నరకు. ముట్టుకోవద్దు. మీలో ఎవరికైనా ఏ పాత సైటులోనైనా ఇలాంటి వరుస కనపడితే, సరిచేసేముందు ఆ ఊరికి ఒకసారి పోయి రండి.

ఆ మర్నాడు నెల్లూరులో మా మేడమీదికి ఎక్కాను. ఐదుంపావు. ఒక చేత్తో ఫోను, రెండో చెయ్యి మొహం ముందు. పాలవాడు కింద నుంచి చూసి ఏం సార్ జాతకమా అన్నాడు. అక్కడ ఇద్దరి బండ్లూ తలుపు దగ్గరే ఉన్నాయని, అందరూ చేతులు చాచి నిలబడ్డారని ఐసక్క అంతకుముందే ఫోను చేసి చెప్పింది. మెల్లగా వేళ్లు తెలిశాయి. బొటనవేలి కింద గీత కనపడింది. పేజీని లాగి వదిలాను. మారింది.

వెంటనే ఐసక్క ఫోను. "మారె నాయనా. బండ్లు తీసినారు. ఐసు రాయిమాదిరి ఉండాది."

సరేనక్కా అన్నాను.

"ఏందది, సరిగ్గా వినబళ్లా" అంది.

అప్పుడు చూసుకున్నాను. నేను ఫోను అడ్డంగా పట్టుకుని మాట్లాడుతున్నాను.